ఏడో తరగతి భిన్నాల డైరీ: నల్ల అట్టలు, 24 సెంటీమీటర్ల పట్టీలు, రోజూ ఐదు పాత ప్రశ్నలు

చిత్తూరుకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఏడో తరగతి లెక్కల పీరియడ్‌లో జరుగుతున్న పని ఇది. పిలకాయలు 38 మంది. బెంచీకి ముగ్గురు. టైంటేబుల్లో పీరియడ్ 45 నిమిషాలు, చేతికి వచ్చేది 40. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు తరగతిలో చాలామందే ఉన్నారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. వేరే బడిలో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే డబ్బు, రోజులు మిగలాలని అన్నీ రాస్తున్నాను. పనిచేయనివాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

నేను తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే: పాఠం వింటున్నప్పుడు తల ఊపిన పిల్లకు నెల తర్వాత ఆ లెక్క వస్తుందా? రావాలంటే పీరియడ్‌లో ఏ పని పెంచాలి, ఏది తగ్గించాలి?

దశ 0: మొదటి కొలత (జూలై)

ముందు కొలిచే పేపరు తయారు చేసుకున్నాను. దానికి గీటురాయి అని పేరు పెట్టాను.

1. పది ప్రశ్నలు. పోలికలు మూడు, సమాన భిన్నాలు రెండు, కూడికలు రెండు, తీసివేత ఒకటి, సంఖ్యారేఖ మీద గుర్తించడం ఒకటి, మాటల లెక్క ఒకటి.
2. ప్రతిసారీ అంకెలు మారతాయి. ప్రశ్న రకం మారదు.
3. ఆరోజు బడికి రానివాళ్లు వచ్చిన రోజు రాస్తారు. అందుకని మొత్తం ఎప్పుడూ 380కే.
4. మార్కులు రిజిస్టర్లో ఎక్కించను, తరగతిలో చదవను.

మొత్తంతోపాటు రెండు ప్రశ్నలను విడిగా లెక్కపెడుతున్నాను. ఒకటి 1/5, 1/8లలో ఏది పెద్దది అనే రకం పోలిక. రెండోది 1/2 + 1/3 రకం కూడిక.

మొదటి ఫలితం: మొత్తం 380కి 121. పోలిక సరిగా చేసినవాళ్లు 9. కూడిక 11.

కూడికలో తప్పు రాసిన 27 మందిలో 19 మంది ఒకే జవాబు రాశారు: 2/5. పైది పైదానితో, కిందది కిందదానితో కలిపేశారు. పోలికలో కూడా అంతే, 5 కన్నా 8 పెద్దది కాబట్టి 1/8 పెద్దదన్నారు. ఇవి తోచింది రాసిన తప్పులు కావు. వాళ్ల మనసులో ఒక పద్ధతి స్థిరపడి ఉంది, ఆ పద్ధతి ప్రకారమే చేస్తున్నారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టే విధానాన్ని బోర్డు మీద మళ్లీ చెప్పినంత మాత్రాన ఆ పద్ధతి కదలదు. ఈ 19 మందీ ఆరో తరగతిలో క.సా.గు. విన్నవాళ్లే.

దశ 1: జవాబు అందరి దగ్గరా చూడాలి (జూలై, ఆగస్టు)

ప్రశ్న అడిగితే చేతులెత్తేది ఎప్పుడూ అదే ఆరేడుగురు. మిగతావాళ్లు ఏం అనుకుంటున్నారో పరీక్ష దాకా తెలియదు. అందరూ రాసి ఒకేసారి చూపించే పలక కావాలి.

మొదటి రకం: పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు కవరు, లోపల తెల్ల కాగితం, పైన వైట్‌బోర్డు మార్కరు. పది సెట్లు కొని ఒక వరుసకు ఇచ్చాను. ఖర్చు 350. రెండో వారానికే సగం మార్కర్లు ఎండిపోయాయి, మూతలు సరిగా పెట్టడం లేదు. తుడిచిన చోట నీలి మరక ఉండిపోయి కొత్త అంకె కనపడలేదు. ఇది వద్దు.

రెండో రకం: మామూలు రాతి పలక, బలపం. నాకు నచ్చింది, పిలకాయలకు నచ్చలేదు. "మేమేమైనా ఒకటో తరగతోళ్లమా సార్" అన్నారు. వాళ్లకు చిన్నతనంగా తోచే వస్తువు రోజూ చేతికిస్తే పని సాగదు. వెంటనే మానేశాను.

మూడో రకం నిలిచింది. పరీక్షలకు తెచ్చుకునే హార్డ్‌బోర్డు అట్ట వెనక వైపు బ్లాక్‌బోర్డు పెయింటు వేయడం. 24 మంది దగ్గర అట్టలు ఉన్నాయి, 14 కొన్నాం. మొదటి విడత అట్టలకు నున్నటి వైపు నేరుగా పెయింటు వేస్తే సుద్దముక్క జారిపోయింది, గోరు తగిలితే పెయింటు పొరలుగా లేచింది. ఇంకొన్ని అట్టలు పూర్తిగా ఆరకముందే ఒకదానిమీద ఒకటి పేర్చడంతో అంటుకుపోయాయి, విడదీస్తే రెండూ పాడయ్యాయి. వాటిని గీకి మళ్లీ వేశాం. ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. 120 నంబరు గరుకు కాగితంతో అట్ట మెరుపు పోయేదాకా రుద్దాలి. పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి.
2. పెయింటులో కొద్దిగా టర్పెంటైన్ కలిపి పలుచగా మొదటి పూత వేయాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి.
3. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయాలి. వానాకాలమైతే రెండు రోజులు గోడకు ఆనించి విడివిడిగా ఉంచాలి.
4. వాడే ముందు సుద్దముక్కను పడుకోబెట్టి అట్టంతా రుద్ది తుడిచేయాలి. అలా చేయకపోతే మొదట రాసిన అంకెలు మచ్చలుగా ఉండిపోతాయి.
5. తుడవడానికి పాత నూలుగుడ్డ. తడిగుడ్డ వాడితే అంచుల్లో అట్ట ఉబ్బుతుంది.

ఖర్చు: అట్టలు 560, లీటరు పెయింటు 320, గరుకు కాగితం 60, బ్రష్షు, టర్పెంటైన్ 90. ఈ రకానికి 1,030. ఇప్పటిదాకా మొత్తం 1,380 రూపాయలు.

వస్తువు కుదిరినా వాడకం కుదరడానికి ఇంకా సమయం పట్టింది. పక్కవాడి అట్ట చూసి రాయడం మొదటి రోజే మొదలైంది. బోర్డును రెండు భాగాలు చేసి బెంచీ అంచుల్లో కూర్చున్న ఇద్దరికీ ఒక ప్రశ్న, మధ్యలో వాళ్లకు ఇంకో ప్రశ్న ఇచ్చాను. చూసి రాయడం దాదాపు ఆగింది. రెండోది నవ్వు. తప్పు రాసిన పిల్ల అట్ట ఎత్తగానే వెనక బెంచీవాళ్లు నవ్వారు, మర్నాడు ఆ పిల్ల ఎత్తనే లేదు. అప్పటినుంచి అట్టను తలపైకి ఎత్తకుండా గుండెకు ఆనించి నావైపు మాత్రమే చూపాలి. తప్పు జవాబుల్లో ఒకదాన్ని పేరు చెప్పకుండా బోర్డు మీద రాసి, "ఈ జవాబు వచ్చినోళ్లు ఎట్లా ఆలోచించి ఉంటారు?" అని అడుగుతాను. నా పీరియడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ మాటలు పుట్టించే ప్రశ్న ఇదే. తప్పును విప్పి చెప్పడానికి తప్పు చేసినవాళ్లే ముందుకొస్తారు.

ముందుకు పోవడానికి ఒక హద్దు పెట్టుకున్నాను. 38లో తప్పు జవాబున్న అట్టలు 8 దాటితే పాఠంలో తర్వాతి మెట్టుకు పోము.

దశ 1 పక్కన: ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంతసేపు?

ఫోను బల్లమీద పెట్టి నా పీరియడ్‌ను రికార్డు చేసి, ప్రశ్న అయిన క్షణం నుంచి నేను మళ్లీ మాట్లాడే క్షణం దాకా స్టాప్‌వాచ్‌తో కొలిచాను. ఎక్కువసార్లు ఒక సెకను, మహా అయితే రెండు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే చూపిన సంగతి ఇది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ, మాట్లాడేవాళ్ల సంఖ్య పెరుగుతుందనీ ఆమె గమనించారు. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో రెండు భాషలు ఉన్న పిల్లకు ప్రశ్న అర్థం కావడానికే ఆ మూడు సెకన్లు కావాలి.

మనసులో లెక్కపెట్టుకోవడం కుదరలేదు, మాట జారిపోతూనే ఉంది. అందుకే క్రమం మార్చాను. ప్రశ్న రాసి తరగతి వెనక్కి నడుస్తాను. వెనక గోడ దాకా పోయి తిరిగే లోపు "ఎత్తండి" అనను. మా గదిలో ఆ నడక ఎనిమిది సెకన్లు.

ఆగస్టు చివర గీటురాయి: మొత్తం 148. పోలిక 12. కూడిక 13.

పెరిగింది 27 మార్కులే. అట్టలు కొని ఆగిపోయే బడులకు ఈ అంకె చెప్పాలి. ఎవరికి ఏం రాదో అట్ట నాకు చూపిస్తుంది. నేర్పడానికి వేరే పని కావాలి.

దశ 2: పట్టీలు (సెప్టెంబరు)

పుస్తకంలో భిన్నాలకు గుండ్రటి బొమ్మలు ఉంటాయి. గుండ్రటి కాగితాన్ని రెండు, నాలుగు, ఎనిమిది భాగాలుగా మడవొచ్చు. మూడు, ఐదు, ఆరు సమానంగా మడవడం కష్టం. పిలకాయలు ఐదు ముక్కలు కోస్తే ఐదూ ఐదు సైజులు. ముక్కలు సమానంగా లేకపోతే భిన్నం అనే మాటకే అర్థం పోయింది. గుండ్రాలు పక్కన పెట్టాను.

పొడవాటి పట్టీకి మారాం. పొడవు 24 సెంటీమీటర్లు, వెడల్పు 3. ఎందుకు 24 అంటే సగం 12, మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3. ఐదో వంతు మాత్రం 4.8, స్కేలు మీద మిల్లీమీటర్లు చూసి గీయాలి. ముందు 20 సెంటీమీటర్లతో చేశాం, మూడో వంతు, ఆరో వంతు దగ్గర చిక్కుపడింది.

కాగితానికి పాత క్యాలెండర్లు తెమ్మన్నాను. మా వైపు ప్రతి ఇంట్లో ఉండేది టీటీడీ క్యాలెండరే. స్వామి బొమ్మ ఉన్న కాగితాన్ని కత్తిరించడానికి ఎవరి చేయీ రాలేదు. రాకూడదు కూడా. వాటిని ఇళ్లకు జాగ్రత్తగా పంపేసి చార్టులు కొన్నాం. 22 అంగుళాలకు 28 అంగుళాల చార్టులో ఇలాంటి పట్టీలు 46 వస్తాయి. ఒక్కొక్కరికి ఏడు (ఒకటి పూర్తిది, మిగతావి 2, 3, 4, 5, 6, 8 భాగాలవి), అంటే 266. ఆరు చార్టులు సరిపోయాయి, 60 రూపాయలు. మొత్తం ఖర్చు 1,440.

పోలిక ఒక్క పీరియడ్‌లో తేలిపోయింది. ఎనిమిదో వంతు 3 సెంటీమీటర్లు, ఐదో వంతు 4.8. చేతిలో పెట్టుకుని చూశాక ఎవరూ వాదించలేదు. "ఎక్కువ మందికి పంచితే తక్కువ వస్తుంది" అని వాళ్లే చెప్పారు. నేను నియమం ఇవ్వలేదు.

కూడిక దగ్గర చాలా పీరియడ్లు పెట్టాం. ఆ సమయం పెట్టాల్సిందే. మేం నడిచిన దారి:

1. ముందు జవాబు అట్టమీద రాయాలి: 1/2 + 1/3. ఎక్కువమంది 2/5 రాశారు. తుడవవద్దన్నాను.
2. సగం ముక్క (12), మూడో వంతు ముక్క (8) ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలవాలి. 20 సెంటీమీటర్లు.
3. ఇప్పుడు అట్టమీది 2/5 ఎంత పొడవో కొలవాలి. ఐదో వంతు ముక్కలు రెండు: 9.6 సెంటీమీటర్లు.
4. ఆగాలి. ఏమీ చెప్పకూడదు.

ఆ నాలుగో మెట్టులో జరిగిందే ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు విలువైనది. సగం ఒక్కటే 12. దానికి ఇంకో ముక్క కలిపాక వచ్చింది 9.6 ఎట్లా అవుతుంది? మధ్య వరుసలో ఒక అమ్మాయి స్కేలు మళ్లీ పెట్టి కొలిచింది, పక్కమ్మాయి స్కేలు అడిగి ఇంకోసారి కొలిచింది. "సార్, కలిపితే తగ్గింది. తప్పు" అంది. తరగతిలో నలుగురైదుగురు ఒకేసారి "అవును సార్" అన్నారు. జవాబు తప్పని నేను అనలేదు. తన జవాబు తప్పని తనే కొలిచి తెలుసుకున్న పిల్ల దాన్ని వదిలేస్తుంది. నేను తప్పు అని కొట్టేస్తే నోటుబుక్కులో దిద్దుకుంటుంది, లోపల ఉన్న పద్ధతి అట్లే ఉంటుంది.

5. 20 సెంటీమీటర్లను ఏ ముక్కతో మిగలకుండా నింపొచ్చో వెతకాలి. నాలుగో వంతు (6) సరిపడదు, ఎనిమిదో వంతు (3) సరిపడదు, ఆరో వంతు (4) ఐదుసార్లు సరిగ్గా పడుతుంది. జవాబు 5/6.
6. అదే ఆరో వంతు ముక్కతో 12ని, 8ని విడివిడిగా నింపి చూడాలి. మూడు, రెండు. క.సా.గు. ఎందుకో ఇక్కడ చెప్పాలి, అంతకు ముందు చెప్పకూడదు.

తర్వాతి వారం పట్టీలు సంచిలో పెట్టేసి అంకెలతోనే ఇచ్చాను. అట్టలమీద 2/5 తిరిగొచ్చింది, తప్పులు 14. చేతిలో పట్టీ ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. మధ్యలో ఒక మెట్టు కావాలి. గళ్ల నోటులో 24 గళ్ల గీత గీసి, పట్టీ లేకుండా గీతమీద చేయించాం. ఆ తర్వాత గీత గీయకుండా, "జవాబు సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని ముందు రాసి, ఆ తర్వాత లెక్క చేయడం. తప్పులు 14 నుంచి 6కు వచ్చాయి. పట్టీ, గీత, అంచనా, అంకె. ఈ నాలుగు మెట్లలో ఏదీ దాటేయకండి.

సెప్టెంబరు చివర గీటురాయి: మొత్తం 262. పోలిక 35. కూడిక 31.

దశ 3: దసరా తర్వాత (అక్టోబరు)

సెలవుల తర్వాత మొదటి వారంలో, ముందుగా చెప్పకుండా అదే రకం పేపరు పెట్టాను. మొత్తం 189. పోలిక 30. కూడిక 19.

262 నుంచి 189. పిలకాయలు ఏమీ తప్పు చేయలేదు. మనసు పనిచేసే తీరే అంత. నేర్చుకున్నది తిరగేయకుండా వదిలేస్తే మొదటి రోజుల్లోనే ఎక్కువ భాగం జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. అయితే తిరగేయడం ఎట్లా? మళ్లీ చదివించడమా, మళ్లీ అడగడమా? 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు ఒక పాఠ్యభాగంతో దీన్ని పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 75. వారం తర్వాత తారుమారైంది. ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42. పరీక్ష ముందు రోజు అందరిచేతా గట్టిగా చదివించే మా అలవాటు ఎందుకు ఆ ఒక్క రోజుకే పనికొస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

అందుకని ప్రతి పీరియడ్ మొదటి ఐదారు నిమిషాలు పాత ప్రశ్నలకు ఇచ్చాను. ఐదు ప్రశ్నలు, అట్టలమీద, పుస్తకం మూసి:

1. నిన్నటి పాఠం నుంచి రెండు.
2. పోయిన వారం నుంచి రెండు.
3. నెల దాటినదాని నుంచి ఒకటి.

ఏ ప్రశ్న ఏ రోజు పడిందో రాసుకోవడానికి డెస్కుమీద ఒక చిన్న నోటుబుక్కు ఉంది. రాయకపోతే నచ్చిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతాం.

దశ 4: కలగలిపిన లెక్కలు (నవంబరు, డిసెంబరు)

పుస్తకంలో అభ్యాసం అంటే పది కూడికలు, ఆ తర్వాత పది తీసివేతలు. మొదటి లెక్క చూశాక మిగతా తొమ్మిదిటికీ ఏం చేయాలో ఆలోచించనక్కర్లేదు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఘనపరిమాణాల లెక్కలిచ్చారు. ఒక గుంపుకు రకాల వారీగా, ఒక గుంపుకు కలగలిపి. సాధన చేసేటప్పుడు రకాల వారీ గుంపు 89 శాతం సరిగా చేసింది, కలగలిపిన గుంపు 60. వారం తర్వాత పరీక్షలో 20, 63. సాధనలో బాగా చేస్తున్నట్టు కనిపించడం, నేర్చుకోవడం ఒకటి కావని అంత తేడా చూపించింది.

మా తరగతిలోనూ మొదట కిందికే పోయింది. కలగలిపిన షీటులో తప్పులు పెరిగాయి. ఒక తండ్రి బడికి వచ్చి, "ఏం సారూ, మావాడు ముందు బాగా చేసేవాడు, ఇప్పుడు తప్పులు పోతా ఉండాడు" అన్నారు. ఆయన బాధ న్యాయమే. గీటురాయి కాగితాలు చూపించి సంక్రాంతి దాకా ఆగమని అడిగాను. ఇట్లాంటి పని మొదలుపెట్టేవాళ్లు హెడ్మాస్టరు గారికీ తల్లిదండ్రులకూ ఈ తగ్గుదల గురించి ముందే చెప్పి పెట్టుకోవాలి.

షీట్లు రెండు వారాలు జిరాక్సు తీయించాం, 152 రూపాయలు. తర్వాత బోర్డు మీద రాసి నోటుబుక్కులో చేయించాం, తేడా ఏమీ రాలేదు. మొత్తం ఖర్చు 1,592.

శెనక్కాయలు పీకే రోజుల్లో బడికి రానివాళ్లు పెరిగారు. తిరిగొచ్చిన పిల్లకు తరగతి ఎక్కడుందో తెలియదు, నాకు ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు. దీనికి దారి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అనే విద్యాసంస్థ వాళ్ల పల్లె బడుల పద్ధతిలో దొరికింది. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్ల వరుసలో పెడతారు. సెలవు పెట్టిన పిల్ల వచ్చాక తను ఆపిన కార్డు నుంచే మొదలుపెడుతుంది, తరగతి వెంట పరిగెత్తనక్కర్లేదు. కర్ణాటకలో ప్రభుత్వ ప్రాథమిక బడులకు తెచ్చిన నలి-కలి పద్ధతికి మూలం కూడా అదే. పూర్తి పద్ధతి ఒక్క టీచరు ఒక్క సబ్జెక్టులో చేయగలిగింది కాదు. నేను తీసుకున్నది కార్డులు మాత్రమే. భిన్నాలకు 20 కార్డులు, ఒక్కోదానిమీద ఒక చేసి చూపిన లెక్క, మూడు చేయాల్సిన లెక్కలు, వెనకవైపు జవాబులు. మొదట వెనకవైపు జవాబు ఉండటంతో దాన్నే రాసేశారు. జవాబులన్నీ ఒకే కాగితం మీద రాసి నా డెస్కులో పెట్టాను, చేశాక వచ్చి చూసుకుంటారు. చార్టులు, కవర్లు కలిపి 60. మొత్తం 1,652 రూపాయలు.

డిసెంబరు చివర గీటురాయి: మొత్తం 241. కూడిక 27.
సంక్రాంతి సెలవుల తర్వాత: మొత్తం 236. పోలిక 33. కూడిక 26.

సెప్టెంబరు చివరి 262 మళ్లీ రాలేదు. దసరాకు 73 మార్కులు జారితే సంక్రాంతికి 5 జారాయి. నాకు రెండో అంకె ముఖ్యం.

ఇప్పుడు మిగిలింది

కూడిక ఇంకా రాని 12 మందిని విడిగా కూర్చోబెట్టి, అసర్ సర్వేలో (పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో దేశమంతా చూసే సర్వే) వాడే మెట్లతో చూశాను: అంకెలు గుర్తించడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఐదుగురికి తీసివేత దగ్గరే ఆగింది. ఇంకో నలుగురికి భాగహారం రాదు. వాళ్లకు 24లో ఆరో వంతు ఎంత అన్నదే తెగని లెక్క. ఇన్ని నెలలు వాళ్లచేత పట్టీలు కొలిపించినా లాభం తక్కువ. ముగ్గురికి అన్నీ వచ్చు, చదివి అర్థం చేసుకోవడం దగ్గర ఆగుతున్నారు, వాళ్ల గురించి తెలుగు మేడం గారితో మాట్లాడుతున్నాను.

ఫిబ్రవరిలో చేయబోయేవి:

1. ఆ తొమ్మిది మందికి ప్రార్థనకు ముందు 20 నిమిషాలు. పుల్లల కట్టలతో తీసివేత, ఆ తర్వాత పంచడం, ఆ తర్వాతే అంకెల్లో భాగహారం. భిన్నాలు వాళ్లకు అప్పటిదాకా ఆపేస్తాను.
2. పాత ప్రశ్నల్లో నెల దాటినవాటిని ఒకటి నుంచి రెండుకు పెంచడం, నిన్నటివి ఒకటికి తగ్గించడం.
3. నాలుగు అట్టల పెయింటు అంచుల్లో లేచింది. మళ్లీ రుద్ది ఒక పూత వేయాలి. డబ్బాలో పెయింటు ఉంది, ఖర్చు లేదు.
4. వచ్చే ఏడాది కలగలిపిన లెక్కలు నవంబరు దాకా ఆపకుండా ఆగస్టులోనే, పట్టీలతో పాటే మొదలుపెట్టడం. దసరా తర్వాత అంకె ఎంత వస్తుందో అప్పుడు ఈ 189తో పోల్చి రాస్తాను.